నాన్న గుండెకి ఇక హాస్పిస్ (ఆఖరి దశలో బాధ తగ్గించే సేవ) చూసుకోమన్నారు: అర్హత ఎలా తేలుస్తారు? వెళ్లినవాళ్లు చెప్పండి

ఫ్రిస్కో_అబ్బాయి (టెక్సస్)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. రెండు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి.

మా నాన్నకి 77 ఏళ్లు. విజయవాడలో ఉన్నప్పుడే బైపాస్ అయింది. ఎనిమిదేళ్ల క్రితం గ్రీన్ కార్డు మీద మా దగ్గరికి వచ్చేశారు. ఐదేళ్లు నిండాక మెడికేర్ (ఇక్కడ పెద్దవాళ్లకి ఇచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) పార్ట్ ఏ (హాస్పిటల్, హాస్పిస్ ఖర్చులకి), పార్ట్ బీ (డాక్టర్ల ఖర్చులకి) రెండూ ప్రీమియం కట్టి తీసుకున్నాం. ఛాతీలో ఐసీడీ (గుండె లయ తప్పితే షాక్ కొట్టి సరిచేసే మెషీన్) ఉంది. ఈఎఫ్ (గుండె ఒక్కసారి కొట్టుకుంటే బయటికి నెట్టే రక్తం శాతం) 15కీ 20కీ మధ్య ఉందంటున్నారు. సంక్రాంతి నుంచి ఇప్పటికి నాలుగుసార్లు హాస్పిటల్లో చేర్చాం. ప్రతిసారీ అదే వరస. ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం వస్తుంది, ఎమర్జెన్సీకి పరుగెత్తుతాం. ఐవీలో లాసిక్స్ ఇచ్చి నాలుగైదు కిలోల నీరు తీసి ఇంటికి పంపుతారు. రెండు వారాలు బాగానే ఉంటారు. మళ్లీ మొదలు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగిందని, బీపీ పడిపోతోందని ఎంట్రెస్టో అనే గుండె మందు ఆపేశారు. ఈ వయసులో ఈ కిడ్నీలతో, గుండెకి సాయంగా పెట్టే పంపు ఎల్‌వ్యాడ్‌కి గానీ ట్రాన్స్‌ప్లాంట్‌కి గానీ పనికిరారని చెప్పేశారు.

రెండు నెలలుగా మంచం మీద పడుకోలేకపోతున్నారు. హాల్లో రిక్లైనర్‌లోనే నిద్ర. బాత్‌రూమ్ దాకా పది అడుగులు వేసి వస్తే ఐదు నిమిషాలు మాట రాదు. పొద్దున్నే బొటనవేలితో ఆయన కాలి ఎముక మీద నొక్కి చూస్తాను. గుంట పడుతుంది. ఆయన కాఫీ తాగడం అయినా ఆ గుంట పూడదు.

పోయిన సోమవారం కార్డియాలజిస్ట్ "హాస్పిస్ వాళ్లతో ఒకసారి మాట్లాడండి" అన్నారు. అమ్మ కారులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "అంటే ఇక వదిలేసుకోమనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

హాస్పిస్‌కి ఆయుష్షు ఆరు నెలలే ఉండాలట కదా, ఆ మాట ఎవరు, ఏ లెక్కన చెప్తారు? మందులన్నీ ఆపేస్తారా? ఆరు నెలలు దాటితే ఏం చేస్తారు? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


గోదావరి_గట్టు (ఒహాయో)

తమ్ముడూ, మీ అమ్మగారు అడిగిన మాటే మా ఇంట్లోనూ వినపడింది. తీరిగ్గా రాస్తాను. ముందు ఒక్కటే చెప్తాను: మాట్లాడటం వేరు, సంతకం పెట్టడం వేరు. నర్సు ఇంటికొచ్చి చూసి వెళ్లినంత మాత్రాన దేనికీ ఒప్పుకున్నట్టు కాదు. రేపే ఫోన్ చేయండి.


రాత్రి_డ్యూటీ (న్యూజెర్సీ)

ఫ్రిస్కో బ్రదర్, నేను పదకొండేళ్లుగా హాస్పిస్ నర్సుని. రోజూ చూసే విషయం కాబట్టి వివరంగా రాస్తాను.

మెడికేర్‌లో రూల్ ఇది. జబ్బు దాని మామూలు దారిన పోతే ఆయుష్షు ఆరు నెలలు లేదా అంతకన్నా తక్కువ ఉండొచ్చని ఇద్దరు డాక్టర్లు సంతకం చేయాలి. ఒకరు మీ నాన్నగారిని చూస్తున్న డాక్టర్, ఇంకొకరు హాస్పిస్ మెడికల్ డైరెక్టర్. "దాని మామూలు దారిన పోతే" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఇది డాక్టర్ల అంచనా మాత్రమే. ఎవరూ తేదీ వేసి చెప్పడం లేదు. ఆరు నెలలు దాటి బతికితే ఎవరికీ శిక్ష లేదు, జరిమానా లేదు. నా పేషెంట్లలో ఏడాదిన్నర ఉన్నవాళ్లున్నారు.

గుండె జబ్బుకి ముఖ్యంగా రెండు చూస్తాం. మొదటిది, ఇవ్వగలిగిన మందులన్నీ ఇచ్చి చూశారా అన్నది. ఏదైనా మందు ఇవ్వకపోతే దానికి కారణం ఫైల్లో ఉండాలి. మీ నాన్నగారికి కిడ్నీ, బీపీ వల్ల ఎంట్రెస్టో ఆపారని రాశారు కదా, అది సరైన కారణమే. ఆపరేషన్‌కి పనికిరారని తేలినా, పనికొచ్చినా పేషెంటే వద్దనుకున్నా అదీ లెక్కలోకి వస్తుంది. రెండోది, ఎన్‌వైహెచ్‌ఏ నాలుగో క్లాసు (గుండె జబ్బు తీవ్రతని కొలిచే నాలుగు మెట్లలో ఆఖరిది). అంటే ఏ చిన్న పని చేసినా ఇబ్బంది, ఊరికే కూర్చున్నా ఆయాసమో నొప్పో ఉండటం. రిక్లైనర్‌లో నిద్ర, పది అడుగులకి మాట రాకపోవడం అని మీరు రాసింది చదువుతుంటే నాకు అదే కనిపిస్తోంది.

ఈఎఫ్ 20 లేదా అంతకన్నా తక్కువ ఉంటే అర్హతకి బలం. కానీ అది తప్పనిసరి కాదు. ఈఎఫ్ 50 ఉండి కూడా గుండె బిగుసుకుపోయి నాలుగో క్లాసులో ఉన్నవాళ్లని చేర్చుకున్నాం. ఆ నంబర్ కోసం మళ్లీ ఎకో (గుండె స్కాన్) తీయించనక్కర్లేదు. మందులకి లొంగని గుండె దడ, ఒకసారి గుండె ఆగి మళ్లీ కొట్టుకోవడం, కారణం తెలియకుండా స్పృహ తప్పడం, గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకి వెళ్లి స్ట్రోక్ రావడం, ఇవి కూడా బలం చేకూర్చేవే. వీటితోపాటు ఎన్నిసార్లు హాస్పిటల్‌కి వెళ్లారు, నీరు కాకుండా ఒంటి బరువు ఎంత తగ్గింది, స్నానానికి, బట్టలు వేసుకోవడానికి ఎవరి సాయం కావాలి, ఇవన్నీ అడుగుతాం. మీరు తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి ఉంచండి. నర్సు వచ్చిన రోజు పేషెంట్లు కాస్త లేచి కూర్చుని "బాగానే ఉన్నానమ్మా" అంటారు. మన పెద్దవాళ్లు మరీను. ఆ కాగితమే నిజం చెప్తుంది.

మొదట 90 రోజులు, తర్వాత ఇంకో 90, ఆ తర్వాత 60 రోజుల చొప్పున ఎన్నిసార్లైనా పొడిగిస్తారు. మూడో విడత నుంచి ప్రతిసారీ హాస్పిస్ డాక్టర్ గానీ నర్స్ ప్రాక్టిషనర్ గానీ స్వయంగా వచ్చి చూడాలి.

మందుల సంగతి. లాసిక్స్ ఆపరు. ఆపితే ఆయాసంతో అల్లాడిపోతారు, అది హాస్పిస్ పనే కాదు. ఊపిరికి సుఖం ఇచ్చే మందులన్నీ నడుస్తాయి. కొలెస్ట్రాల్ మాత్రలాంటివి, పదేళ్ల తర్వాత ఫలితం చూపించేవి తీసేస్తారు.


కావలి_కుర్రాడు (అట్లాంటా)

అందరూ మంచే చెప్తున్నారు, నేను మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా పెదనాన్నని హాస్పిస్‌లో పెట్టిన మూడో రోజుకే మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) మొదలుపెట్టారు. ఐదో రోజు పోయారు. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి. మార్ఫిన్ వల్లే పోయారని మా పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. నాకు కూడా అదే అనుమానం. ఫ్రిస్కో గారూ, ఆలోచించుకోండి.


రాత్రి_డ్యూటీ

కావలి తమ్ముడూ, మీ పెద్దమ్మగారి బాధ నాకు అర్థమవుతుంది. ఈ మాట నేను ప్రతి నెలా వింటాను. మీ పెదనాన్నగారి ఫైల్ నేను చూడలేదు కాబట్టి ఆయన గురించి చెప్పను. మామూలుగా జరిగేది చెప్తాను.

ఆయాసానికి ఇచ్చే మార్ఫిన్ చాలా తక్కువ డోసు, నాలుక కింద రెండు మూడు చుక్కలు. ఊపిరి ఆడడం లేదన్న ఆ భయాన్ని అది మెదడు దగ్గర తగ్గిస్తుంది. మనిషి నిమిషానికి 36 సార్లు ఎగశ్వాస పీలుస్తున్నవాడు 22కి వస్తాడు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది, అందుకని డోసు ఇంకా తగ్గిస్తాం లేదా వేరే మందుకి మారుస్తాం. ఫ్రిస్కో బ్రదర్, మీ నాన్నగారి క్రియాటినిన్ సంగతి ముందే చెప్పండి.

ఐదో రోజుకే పోయారంటే చాలాసార్లు అర్థం, పోవడానికి ఐదు రోజుల ముందు మాత్రమే హాస్పిస్‌కి వచ్చారని. గుండె జబ్బువాళ్లు నా దగ్గరికి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తారు. క్యాన్సర్‌లో దిగజారడం కళ్లకి కనిపిస్తుంది. గుండె జబ్బులో పడటం, లేవడం, పడటం, లేవడం. లేచిన ప్రతిసారీ ఇంకోసారి లేస్తారనే అనుకుంటాం.


గోదావరి_గట్టు

రాత్రి డ్యూటీ అక్క ఆఖర్లో రాసిందే మా కథ. మా అమ్మ ఏడాదిలో ఆరుసార్లు హాస్పిటల్‌కి వెళ్లింది. మూడోసారి వెళ్లినప్పుడే ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి బాధ తగ్గించే పాలియేటివ్ టీమ్‌తో మాట్లాడతారా అని అడిగింది. నాకు కోపం వచ్చింది. మా అమ్మకి ఏమీ అంత కాలేదని చెప్పి పంపించేశాను. ఆరోసారి ఐసీయూలో పదకొండు రోజులు ఉంచి, అప్పుడు హాస్పిస్‌కి ఒప్పుకున్నాం. ఇంటికొచ్చి నాలుగు రోజులు ఉంది.

ఆ నాలుగు రోజులు ఎలా గడిచాయో చెప్తాను. సూదులు లేవు. రాత్రి రెండింటికి రక్తం తీయడానికి లైటు వేసేవాళ్లు లేరు. మొదటి రోజే నర్సుని అడిగింది, ఆవకాయ తినొచ్చా అని. ఏడాదిన్నరగా ఉప్పు లేని చప్పిడి కూడు తింది మా అమ్మ. నర్సు నవ్వి "మీకు ఇష్టమైంది తినండి, నీరు చేరితే నేను చూసుకుంటాను" అంది. వేడి అన్నంలో నెయ్యి వేసి చిన్న ముక్క కలిపి పెట్టాను. రెండు ముద్దలు తిని, మూడోది నోట్లోనే కాసేపు ఉంచుకుంది.

ఆ నాలుగు రోజులు నాలుగు నెలలు అయ్యుండేవి. ఆ డాక్టరమ్మ మాట విని ఉంటే.


ఎడిసన్_కోడలు (న్యూజెర్సీ)

ఆరు నెలలు దాటితే ఏమవుతుందని అడిగారు కదా, మా మావయ్యగారిది అదే కేసు. హాస్పిస్‌లో చేరాక రోజూ నర్సు ఫోన్లు, టైముకి మందులు, వాపు కనిపించగానే లాసిక్స్ పెంచడం. దాంతో ఆయన తేరుకున్నారు. వాకర్ పట్టుకుని మెయిల్ బాక్స్ దాకా వెళ్లొచ్చేవారు. మూడో విడత పరీక్షలో ఇక అర్హత లేదని డిశ్చార్జ్ చేశారు. సంతోషించాలా భయపడాలా తెలియలేదు. మంచం, ఆక్సిజన్ మెషీన్, అన్నీ వెనక్కి తీసుకెళ్లిపోయారు.

తెలుసుకోవాల్సింది ఏంటంటే, సర్వీసు ఆగడానికి కనీసం రెండు రోజుల ముందు మీకు నోటీసు ఇవ్వాలి. దాని మీద అప్పీలు నంబర్ ఉంటుంది. నోటీసులో రాసిన గడువులోగా ఫోన్ చేస్తే బయటి సంస్థ డాక్టర్లు ఫైల్ చూసి తేలుస్తారు. మేం చేయలేదు, నిజంగానే బాగున్నారు కాబట్టి. ఏడు నెలల తర్వాత మళ్లీ దిగజారితే మళ్లీ చేర్చుకున్నారు. ఒకసారి బయటికొస్తే తలుపు మూసేసినట్టు కాదు. మనంతట మనమే వద్దనుకున్నా ఒక కాగితం మీద సంతకం పెట్టి ఎప్పుడైనా మామూలు మెడికేర్‌కి వచ్చేయొచ్చు.

ఇంకొకటి, ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. హాస్పిస్ అంటే ఇరవైనాలుగు గంటలూ ఇంట్లో మనిషిని పెట్టడం కాదు. నర్సు వారానికి ఒకటి రెండుసార్లు వస్తుంది, స్నానం చేయించే అమ్మాయి రెండు మూడుసార్లు. ఫోన్ మాత్రం రాత్రీపగలూ ఎత్తుతారు. మిగతా పనంతా మనదే. నేను ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు లేచి నా ఒంట్లో ఓపిక అయిపోయింది. రెస్పైట్ అని ఒకటుంది, ఒక్కోసారి వరుసగా ఐదు రోజుల దాకా పేషెంట్‌ని వాళ్ల సెంటర్లోనో నర్సింగ్ హోమ్‌లోనో ఉంచి చూసుకుంటారు. అడగండి. అడగకపోతే ఎవరూ చెప్పరు.


మామిడి_తోట (బే ఏరియా)

ఐసీడీ ఉందని రాశారు కాబట్టి ఇది రాయక తప్పదు. రాయడానికి చేతులు రావడం లేదు.

మా నాన్నకీ ఐసీడీ ఉండేది. హాస్పిస్‌లో చేర్చాం, కాగితాలన్నీ అయ్యాయి, ఆ మెషీన్ గురించి ఒక్కరూ అడగలేదు. మాకూ తోచలేదు. ఆఖరి రాత్రి ఆయన గుండె లయ తప్పింది. మెషీన్ దాని పని అది చేసింది. నేను ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి ఒళ్లంతా ఎగిరిపడింది. నా చేతికి కూడా కొట్టినట్టయింది. కళ్లు తెరిచి నావైపు చూశారు. ఇరవై నిమిషాల్లో ఐదుసార్లు. హాస్పిస్‌కి ఫోన్ చేస్తే నర్సు రావడానికి గంట పట్టింది. వచ్చి ఛాతీ మీద అయస్కాంతం పెట్టి టేపు వేసింది, అప్పుడు ఆగింది.

ముందే కార్డియాలజిస్ట్ ఆఫీసుకి చెప్తే డివైస్ కంపెనీ టెక్నీషియన్ ఇంటికొచ్చి ఐదు నిమిషాల్లో షాక్ ఆపేస్తాడు. కోత లేదు, నొప్పి లేదు. పేస్‌మేకర్ పని అలాగే ఉంచొచ్చు. షాక్ ఒక్కటే ఆగుతుంది. ఫ్రిస్కో గారూ, మొదటి రోజే అడగండి.


రాత్రి_డ్యూటీ

మామిడి తోట గారూ, మీకు అలా జరిగి ఉండకూడదు. మా టీమ్‌లో ఐసీడీ ఉన్న ప్రతి ఇంట్లో ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి వస్తాం, ఎలా వాడాలో చూపించి మరీ.

డీఎన్ఆర్ (గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం వద్దని రాసిచ్చే కాగితం) గురించి కూడా చాలామంది అడుగుతారు. డీఎన్ఆర్ మీద సంతకం పెడితేనే చేర్చుకుంటాం అనే హక్కు మెడికేర్ హాస్పిస్‌కి లేదు. అమ్మగారికి టైం కావాలంటే తీసుకోనివ్వండి.


పార్వతీపురం (మిచిగన్)

డబ్బు సంగతి ఎవరూ రాయలేదు. మా అత్తగారికి ఎంత ఖర్చయింది అని లెక్క చూస్తే దాదాపు ఏమీ లేదు. నర్సు, మందులు, మంచం, ఆక్సిజన్, డయపర్లు అన్నీ పార్ట్ ఏ కిందే. బాధ తగ్గించే మందులకి ఒక్కోదానికి 5 డాలర్లు మించి తీసుకోకూడదు. రెస్పైట్‌కి 5 శాతం. మాకు అదీ అడగలేదు. నర్సింగ్ హోమ్‌లో ఉంటే గది, భోజనం ఖర్చు మాత్రం మనదే.

ఒక పొరపాటు మేం చేశాం. ఒకరాత్రి కంగారుపడి హాస్పిస్‌కి చెప్పకుండా 911కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. ఆ బిల్లు మా మీద పడింది. గుండె జబ్బు కోసం వెళ్లాలంటే ముందు హాస్పిస్ నంబర్‌కే చేయాలి. హాస్పిటల్ అవసరమైతే వాళ్లే పంపిస్తారు, దానికీ కవరేజ్ ఉంది. కాలు విరగడంలాంటి సంబంధం లేనివాటికి మామూలు మెడికేర్ ఎలాగూ ఉంటుంది.


కొత్త_సభ్యుడు_చికాగో

మా మామగారు విజిటర్ వీసా మీద వచ్చారు, ఇదే జబ్బు. మాకు ఏదైనా దారి ఉందా?


రాత్రి_డ్యూటీ

మెడికేర్ రాదండి. గ్రీన్ కార్డు ఉండి, 65 దాటి, వరుసగా ఐదేళ్లు ఇక్కడ ఉంటేనే కొనుక్కోనిస్తారు. ఇక్కడ ఉద్యోగం చేసిన రికార్డు లేకపోతే పార్ట్ ఏ ఒక్కదానికే 2025లో నెలకి 518 డాలర్లు. విజిటర్ ఇన్సూరెన్స్‌ల మీద పాత జబ్బుకి ఆశ పెట్టుకోవద్దు. లాభాపేక్ష లేని హాస్పిస్‌లు కొన్ని విరాళాల డబ్బుతో చేర్చుకుంటాయి, మీ ఊళ్లో ఉన్నవాటికి ఒక్కొక్కదానికి ఫోన్ చేయండి. విమానం ఎక్కగలిగే స్థితి ఇంకా ఉంటే, ఎక్కాలా వద్దా అన్నది ఈ వారమే డాక్టర్‌తో మాట్లాడండి. వచ్చే నెలకి ఆ అవకాశం ఉండకపోవచ్చు.


ట్యాంక్‌బండ్ (హైదరాబాద్)

నేను ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజీషియన్‌ని. ఇండియాకి తీసుకురావాలనుకునేవాళ్ల కోసం రెండు మాటలు.

మన దగ్గర ఆరు నెలల సర్టిఫికెట్ లాంటి అర్హత పద్ధతి లేదు. బాధ ఎంత ఉందన్నదే చూస్తాం. తెలంగాణలో చాలా జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, "ఆలన" బండిలో నర్సు ఇంటికి కూడా వస్తుంది. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్‌ని 2011లో రోటరీ వాళ్లు మొదలుపెట్టారు, డబ్బు తీసుకోరు. కానీ ఉన్న మంచాల్లో ఎక్కువ క్యాన్సర్‌వాళ్లకే వెళ్తాయి. గుండె జబ్బువాళ్లని ఇక్కడికి పంపాలన్న ఆలోచన మా డాక్టర్లలోనే ఇంకా తక్కువ. అది మా లోపమే, ఒప్పుకుంటాను.

వెంటిలేటర్ వద్దు అని ముందుగా రాసిపెట్టుకునే హక్కుని సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది. 2023లో పద్ధతిని తేలిక చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం చాలు. తీసుకొచ్చేముందు ఈ కాగితం రాయించుకుని రండి.


కావలి_కుర్రాడు

రాత్రి డ్యూటీ అక్కా, మీరు రాసింది మా పెద్దమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. రెండోసారి చదవమంది.


ఫ్రిస్కో_అబ్బాయి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నాలుగు రోజులు రాయలేదు, ఇక్కడ చాలా జరిగింది.

మీరు చెప్పినట్టే కాగితం మీద అన్నీ రాసి పెట్టాను. హాస్పిటల్ తేదీలు, బరువు, నెల నెలా ఏ పని చేసుకోలేకపోయారో. నిన్న హాస్పిస్ నర్సు వచ్చింది. నాన్న గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. "ఐయామ్ ఫైన్" అన్నారు, ఆ రెండు మాటలకే ఊపిరి అందలేదు. ఆమె నా కాగితం చదివింది, కాలు నొక్కి చూసింది, అర్హత ఉందని చెప్పింది. డాక్టర్లిద్దరి సంతకాలు ఇవాళ అయిపోయాయి.

ఐసీడీ గురించి నేనే ముందు అడిగాను. టెక్నీషియన్ గురువారం వస్తాడు. అప్పటిదాకా అయస్కాంతం ఇచ్చి వెళ్లింది, ఫ్రిజ్ మీదే ఉంది. ఇంట్లో గుండెకి బలమిచ్చే మిల్రినోన్ డ్రిప్ పెట్టగలరా అని కార్డియాలజిస్ట్ అడగమన్నారు. ఈ హాస్పిస్ పెట్టదట. మెడికేర్ రోజుకింత అని ఇచ్చే డబ్బులోంచే మందులన్నీ కొనాలి, ఆ డ్రిప్ ఖర్చు మోయలేమన్నారు. పెట్టేవాళ్లు ఇంకో హాస్పిస్ ఉంది, మారాలనుకుంటే విడతకి ఒకసారి మారొచ్చని ఆమే చెప్పింది. నాన్న వద్దన్నారు. ఇంకో ట్యూబు వద్దురా అన్నారు.

అమ్మకి నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. గోదావరి గట్టు అక్క రాసిన ఆవకాయ సంగతి ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి ఫ్రీజర్‌లోంచి గోంగూర తీసి బయట పెట్టింది.

రేపు హాస్పిటల్ మంచం వస్తుంది, తలవైపు ఎత్తేది. హాల్లో రిక్లైనర్ పక్కకి జరిపి చోటు చేస్తున్నాను. కిటికీకి ఎదురుగా వేయమని నాన్న అడిగారు. పొద్దున్నే ఎదురింటి పిల్లలు స్కూల్ బస్సు ఎక్కడం కనిపిస్తుందట.